దవడ ఎముకలో రాచపుండు

శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెలలో కొందరు స్త్రీలకు చుట్ట నిప్పుకొనను నోటిలోపల ఉంచుకొని పీల్చే అలవాటున్నది. దీనిని అడ్డపొగ అంటారు. ఆ వేడికి, పొగకు అంగిటిలో రాచపుండు, అనగా కేన్సరు, పుట్టవచ్చు. అంగిటిపైన ఉన్నది పలుచని ఎముకే. దాని మీద ముక్కు. ఇది అక్కడివారి సంగతే అనుకోరాదు. మన జలదంకి పొరుగున కలిగిరిలో పొగాకు వేలం కేంద్రమే ఉన్నది! పొగాకును బుగ్గన దాచుకొనేవారికి పుండు చిగురు పక్కన పుడితే, దవడ ఎముక దానికి చేరువలోనే ఉంటుంది.

మెత్తని పుండు గట్టి ఎముకను ఎట్లా తింటుంది? నిజానికి తాను తినదు, తినిపిస్తుంది. పాత ఎముకను కరగించి కొత్తదానికి చోటుచేసే కణాలు మన శరీరంలో ఎప్పుడూ ఉంటాయి. వాటి పేరు ఆస్టియోక్లాస్టులు. కేన్సరు కణాలు స్రవించే పదార్థాలు వీటిని రెచ్చగొడతాయి. ఎముక కరిగేకొద్దీ అందులో నిలువ ఉన్న పెంపుదల పదార్థాలు వెలువడి పుండుకే ఎరువవుతాయి. ఇంటివాడే దొంగకు తాళంచెవి ఇచ్చినట్లున్నది గదా!

పుండు ఎముకను పైపైన ఒరసి ఆగితే, ఆ అంచును మాత్రం తీసి దవడను నిలుపవచ్చు. పై పెంకును దాటి లోనికి చొచ్చితే వైద్యులు దానిని నాలుగవ దశగా లెక్కిస్తారు. చెట్టు వేళ్లవలె మజ్జలోనికి పాకినప్పుడు దవడలో ఒక ఖండాన్నే కోసి, తరచు కాలి ఎముకతో పూరిస్తారు; వ్యాధి తిరగబెట్టే భయం వీరికే ఎక్కువ. క్రిందిపెదవి మొద్దుబారడం, దవడలోపలి నరాన్ని పుండు అందుకొన్నదనడానికి గుర్తు కావచ్చు. మామూలు ఎక్స్‌రేలో తొలినష్టం కనబడదు; ఖనిజం చాలావరకు పోయిన తరువాతనే నీడ తేలుతుంది. అందుకే సి.టి. స్కాన్ కూడా తీయిస్తారు.