సూదీ దారంతో అంతరిక్షంలోకి

టీవీలో అంతరిక్ష వీరుల దుస్తులు చూసి అవేవో వింత వస్తువులతో చేసినవని అనుకుంటాం. నిజానికి అవి కూడా కుట్టు మిషన్ మీద పుట్టినవే. అమెరికాలో 1966 సెప్టెంబరు 8న మొదలైన ‘స్టార్ ట్రెక్’ ధారావాహికకు దుస్తులు రూపొందించినవారు విలియం వేర్ థైస్. ఓడ నడిపేవారికి బంగారు వన్నె, శాస్త్రజ్ఞులకు నీలం, ఇంజనీర్లకు ఎరుపు. రంగును బట్టే పని తెలిసిపోతుంది. మొదట వాడిన వెలూర్ బట్ట ఉతికితే కుంచించుకుపోయేది. మూడో సీజనుకు బట్ట మార్చారు.

అభిమానులు ఇలాంటివి సొంతంగా కుట్టుకోవడం ‘స్టార్ ట్రెక్’ కన్నా పాత అలవాటు. 1939లో న్యూయార్క్‌లో జరిగిన తొలి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభకు ఫారెస్ట్ అకర్‌మన్, మర్టిల్ డగ్లస్ భవిష్యత్ కాలపు వేషాల్లో వెళ్లారు. రెండూ కుట్టింది డగ్లస్. పేరు మాత్రం చాలాకాలం అకర్‌మన్‌కే దక్కింది.

ఇక కుట్టే పద్ధతి. ముందు బట్ట ఉతికి ఆరవేయాలి. కుంచించుకుపోయేది అప్పుడే పోతుంది. సరిపోయే పాత చొక్కాను కాగితంపై పరిచి గీత గీసి, కుట్టుకోసం అరంగుళం అదనంగా వదలాలి. నూగున్న బట్టయితే అన్ని ముక్కల నూగూ ఒకే దిక్కుకు ఉండాలి. లేకుంటే ఒకే చొక్కా రెండు రంగుల్లో కనిపిస్తుంది. సాగే బట్టకు జిగ్‌జాగ్ కుట్టు వేయాలి. మామూలు కుట్టయితే తొడిగేటప్పుడు దారం తెగుతుంది.

వేషం కొనలేమని పోటీలకు దూరంగా ఉండే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మేము చెప్పేది ఒకటే. మన ఇళ్లలో మిషన్ తొక్కే అమ్మలకు, అక్కలకు ఈ లెక్కలన్నీ తెలుసు. సెలవుల్లో పక్కన కూర్చుని నేర్చుకోండి. వేదిక ఎక్కినప్పుడు కుట్టినవారి పేరు కూడా చెప్పండి.