జపాను వాడుకభాష: తెలుగువారికి తొలిమెట్లు



పరభాష యనగానే మనలో ననేకులు దాని లిపిని జూచి వెనుదీయుదురు. జపాను భాష విషయమున నీ భయము మఱింత హెచ్చు. ఐనను నేడు మన గ్రామముల పిల్లలు కొందఱు ఈ భాషకై పూనుకొనుచున్నారు. జపానులో 2023 నాటికి జనులలో నూటికి 29 మంది 65 ఏండ్లు దాటినవారు. వృద్ధులకు పరిచర్య చేయుట మొదలగు పనులకు పరదేశీయులను రానిచ్చు నూతన పద్ధతిని ఆ ప్రభుత్వము 2019లో నెలకొల్పినది. 2021 జనవరిలో మన దేశము దానిని గూర్చి యొడంబడిక చేసికొన్నది. ఆ కొలువులకు బోవువారు భాషాపరీక్షలో నెగ్గవలెను. "ఇది మాకు వచ్చునా, తాతగారూ?" యని పిల్లలడిగిన మనమేమి చెప్పవలెను?

వచ్చునని చెప్పవలెను. నేను చిరకాలము బడిలో తెలుగు వ్యాకరణము చెప్పినవాడను. అఱువదియేండ్లు దాటిన పిమ్మట నా శిష్యురాలొకతెకు తోడుగా ఈ భాష తొలిపాఠములు చదివితిని. అందు నాకు స్పష్టమైన దొక్కటియే. ఈ భాషకు మనకు దగ్గఱి త్రోవ తెలుగుమీదుగా గలదు. ఇంగ్లీషుమీదుగా బోవుట చుట్టుత్రోవ.

మొదట వాక్యమును జూతము. "వతషి వ మిజు ఒ నొమిమసు" అనగా "నేను నీటిని త్రాగుదును." వతషి యన నేను, మిజు యన నీరు, నొమిమసు యన త్రాగుదును. నడుమనున్న "ఒ" మన "ను" వంటి ద్వితీయావిభక్తి. "వ" యనునది, "నేనైతే" అన్నప్పటి "ఐతే" వలె, దేనిని గూర్చి చెప్పుచున్నామో దానిని సూచించును. క్రియ తుదను నిలుచును; విభక్తి నామమునకు వెనుక చేరును. "తొ" యన తోడ, "ని" యన కు, "కర" యన నుండి, "మదె" యన వఱకు, "నొ" యన యొక్క. వాక్యాంతమున "క" చేర్చినచో ప్రశ్నయగును. మనము "వచ్చును" అనుదానిని "వచ్చునా" యని మార్చునట్లే. ఇంగ్లీషు వాక్యమును తలక్రిందులు చేసి దీనిని కూర్చుకొను శ్రమ మనకేల?

మన వ్యాకరణమున ఆ, ఈ, ఏ లను త్రికమందుము. వారికిని అట్టి వరుస కలదు. "కొరె" ఇది, "సొరె" మీ దగ్గఱనున్నది, "అరె" దూరముననున్నది, "దొరె" ఏది. "కొకొ" ఇక్కడ, "దొకొ" ఎక్కడ.

క్త్వార్థకమును గూడ గమనింపుడు. ఇల్లు వెడలునప్పుడు జపానువారు "ఇత్తె కిమసు" అందురు. ఇత్తె యన పోయి, కిమసు యన వచ్చెదను. మన యిండ్లలో గడప దాటుచు "పోయి వచ్చెదను" అను మాటయే యిది! లోపలివారు "ఇత్తె రష్షై", అనగా "పోయి రండు" అని బదులు పలుకుదురు. "తబెతె మిమసు" అనగా "తిని చూచెదను." తినునది రుచి తెలియుటకని మనకు వేఱుగా జెప్పనక్కఱలేదు.

ఇక ఉచ్చారణము. పాఠములు తఱచు ఇంగ్లీషు అక్షరములలో నుండును. వానిని జదివి మనవారు "అరిగటో" యందురు. అచ్చట నున్నది దంత్యమగు తకారము. "అరిగతో" యనుట మేలు. సంస్కృతమున లేని హ్రస్వములగు ఎ, ఒ లు తెలుగున గలవు, వారికిని గలవు. దీర్ఘమును, ద్విత్వమును పట్టుకొనుట ముఖ్యము. "ఒబసన్" అన పిన్ని లేక అత్త, "ఒబాసన్" అన అవ్వ. "కితె" యన వచ్చి, "కిత్తె" యన తపాలాబిళ్ళ. కావున పిల్లలు మొదట తెలుగు లిపిలో వ్రాసికొని వినికిడితో సరిచూచుకొనవలెను. పదములు నకారము తక్క అచ్చులతోనే ముగియును. మనము బస్సు, హోటలు అన్నట్లు వారు "బసు", "హొతెరు" అందురు. వారికి ల-ర భేదము లేదు గనుక లక్ష్మి "రకుషుమి" యగును. ఇది పరిహాసమని పిల్ల నొచ్చుకొనరాదు.

వారి వర్ణక్రమము అ, క, స, త, న, హ, మ, య, ర, వ. బౌద్ధభిక్షువుల ద్వారమున చేరిన సంస్కృత వర్ణసమామ్నాయమే దీనికి మూలము. పకారముండవలసిన చోట హకారమేల? పూర్వమది పకారముగా నుండెడిదని పండితులు తేల్చిరి. మన పాలు కన్నడమున హాలైనట్లే. ఇట్టి అక్షరములు రెండు తెగలు: "హిరగన", "కతకన". ఒక్కొక్కదానిలో 46. రెండవది ముఖ్యముగా విదేశీయ పదములకు. మూడవది చీనా నుండి వచ్చిన భావలిపి, "కంజి." 2010నాటి పట్టికలో నిత్యోపయోగమునకు 2136 గలవు. ఒకే గుఱుతును చోటునుబట్టి "యమ" యనియు "సన్" అనియు చదువుదురు. కొండ దేశ్యము, పర్వతము తత్సమము అన్నట్లే యిది. ఇవి మెల్లగా వచ్చును. వీనికి జడిసి మాట మానరాదు.

పోలికలను జూచి రెండును ఏకకుటుంబపు భాషలని యనరాదు. ఒనో సుసుము అను జపాను పండితుడు తమిళముతో చుట్టఱికము జెప్పెను గాని, భాషావేత్తలలో ననేకు లంగీకరింపలేదు. భేదములును గలవు. మన క్రియ "త్రాగితిని, త్రాగెను" అని కర్తను బట్టి మాఱును, వారిది మాఱదు. అట్లయ్యు కర్తను విడిచి పలుకుదురు. ఎవరిని గూర్చి చెప్పుచున్నారో సందర్భమున దెలిసికొనవలెను.

మర్యాద మనకు సులభము. పేరు చివర "సన్" అన మన "గారు" వంటిది; తన పేరునకు దానిని తగిలించుకొనరాదు. ఉదయమున "ఒహయో గొజైమసు", మన్నింపుడనుటకు "సుమిమసెన్", భోజనమునకు ముందు "ఇతదకిమసు." దినమునకు ఐదు వాక్యములు, చూడక, గట్టిగా, ఒకరితో నొకరు పలుకవలెను. వ్రాత పిదప.

ఈ శ్రద్ధ పరీక్షకు మాత్రమే కాదు. దూరదేశమున మన పిల్ల యొక ముసలివాని మంచముచెంత నిలుచును. ఆయన "ఇతై" యనిన నొప్పియని, "సముయి" యనిన చలియని, "మిజు" అనిన నీరని తత్క్షణమే తెలియవలెను. అచ్చట మాట తప్పిన బాధపడువాడు వృద్ధుడు. కాబట్టి మీ యింట నెవరైన ఈ భాష చదువుచున్నచో సాయంకాలము చెంత కూర్చుండబెట్టి "నేటి మాటలేవి?" యని యడుగుడు. అర్థము తెలుగున జెప్పించుకొనుడు. వినువా డొకడున్న, పలుకు నోటికి ధైర్యము కలుగును.

సెలవు.