జీతమూ, పొదుపూ ఒకే గాదెలో: కంపెనీ షేర్లతో ఉద్యోగులకు పొంచిఉన్న ముప్పు

కార్వేటినగరం: ఒకే సరుకును ఒకే తరహా కొనుగోలుదార్లకు అమ్మేవాడి ధర, కొనేవాడి చేతిలోనే ఉంటుంది. చిత్తూరు జిల్లా వర్తకులకు ఇది కొత్తగా చెప్పనక్కరలేదు. 2025 సీజనులో గుజ్జు ఫ్యాక్టరీల కొనుగోళ్లు మందగించడంతో తోతాపురి మామిడి ధర దారుణంగా పడిపోయినది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు చెల్లించాలనీ, తాను 4 రూపాయలు కలుపుతాననీ చెప్పి ప్రభుత్వం జోక్యం చేసుకోవలసి వచ్చినది.

సరుకు విషయంలో ఇంత ఎరుక ఉన్న కుటుంబాలు సైతం, బెంగుళూరు, చెన్నై, హైదరాబాదు కంపెనీలలో పనిచేసే పిల్లల పొదుపు విషయంలో ఏమరుపాటుగా ఉండడం కద్దు. జీతమిచ్చే కంపెనీయే షేర్లు కూడా ఇస్తుంది. అవి ఏటేటా పేరుకొని, చివరకు పిల్లల పెళ్లికీ, ఇంటికీ, వృద్ధాప్యానికీ అవే ఆధారమన్న లెక్క ఏర్పడుతుంది.

సత్యం నేర్పిన పాఠం

ఈ లెక్క ఎలా తలకిందులవుతుందో హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ ఉదంతం చూపినది. 2008 మే నెలలో ఆ షేరు 500 రూపాయలు దాటి పలికినది. అదే ఏడాది డిసెంబరు 16న మేటాస్ సంస్థలను కొనబోతున్నట్లు కంపెనీ ప్రకటించి, మదుపరులు ఎదురుతిరగడంతో గంటల వ్యవధిలోనే ఉపసంహరించుకొన్నది. మర్నాడే షేరు దాదాపు 30 శాతం క్షీణించినది. 2009 జనవరి 7న, ఖాతాలలో వేల కోట్ల రూపాయల మేరకు లేని సొమ్మును చూపినట్లు చైర్మన్ రామలింగరాజు లేఖద్వారా ఒప్పుకొన్నారు. ముందురోజు 179 రూపాయలున్న షేరు ఆ రోజు 40 రూపాయల వద్ద ముగిసినది. ఆ వారాంతానికి 24 రూపాయల దరిదాపులకు దిగజారినది.

వెయ్యి షేర్లున్న ఉద్యోగి లెక్క చూడండి. మంగళవారం నాడు 1 లక్షా 79 వేలు; శుక్రవారానికి సుమారు 24 వేలు. నష్టం అంతటితో ఆగలేదు. టెక్ మహీంద్రా 2009 ఏప్రిల్‌లో షేరు 58 రూపాయల ధరకు సంస్థను చేజిక్కించుకొన్న తర్వాత, పనిలేని వేలాదిమందిని కోతపడిన జీతంతో పక్కన ఉంచినారు. షేరు పడిన కారణమే జీతాన్నీ కోసినది. బయటి మదుపరికి ఒక నష్టం, ఉద్యోగికి రెండు. 2013లో విలీనం జరిగినప్పుడు 17 షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు దక్కినవి.

ఇందులో వర్తకులు ప్రత్యేకంగా గమనించదగిన అంశం ఒకటున్నది. ప్రమోటర్ల షేర్లు తాకట్టులో ఉన్నట్లు 2008 డిసెంబరు చివరిలోనే వెల్లడైనది. అప్పిచ్చినవారు వాటిని అమ్ముకొన్నారు. ఉద్యోగికంటే ముందుగా తాకట్టుదారు బయటపడినాడన్నమాట.

అమెరికాలో ఎన్రాన్ కంపెనీ 2001 డిసెంబరులో దివాలా తీసినప్పుడు ఉద్యోగుల రిటైర్మెంటు నిధులే దెబ్బతిన్నవి. ఆ పొదుపులో సగానికి మించి ఎన్రాన్ షేర్లే ఉండడం అందుకు కారణం. ఉద్యోగులు తమ వంతు సొమ్మును కంపెనీ షేర్లనుంచి వేరేచోటికి మార్చుకొనే హక్కును 2006లో అక్కడ చట్టబద్ధం చేసినారు.

మన ప్రావిడెంట్ ఫండు

మన దేశంలో పరిస్థితి కొంత మేలు. ప్రావిడెంట్ ఫండు సొమ్ము యజమాని వ్యాపారంలోకి పోదు. అయితే యజమాని సకాలంలో జమకట్టితేనే ఆ రక్షణ. జీతంలో కోసిన మొత్తం ఖాతాలో పడినదీ లేనిదీ పాస్‌బుక్కులో నెలనెలా చూసుకోవలసిన బాధ్యత ఉద్యోగిదే. గ్రాట్యుటీకి యాజమాన్యం విడిగా నిధి కూడబెట్టని పక్షంలో, అది దుకాణం పద్దులో అప్పువంటిది: అప్పుపడినవాడు బాగుంటేనే వసూలవుతుంది.

2016 దివాలా స్మృతి ప్రకారం ప్రావిడెంట్ ఫండు, పింఛను, గ్రాట్యుటీ నిధులు అప్పులవాళ్లకు పంచే ఆస్తిలో చేరవు. కార్మికుల 24 నెలల బకాయిలు తనఖా రుణదాతలతో సమానస్థాయిలో ఉంటవి. వాటాదారు మాత్రం వరుసలో చివరివాడు. అంటే, ఒకే మనిషి జీతగాడుగా ముందు నిలబడి, షేర్‌హోల్డరుగా అందరి వెనుకా నిలబడతాడు.

మన ప్రాంతంలోనే చిత్తూరు, గాజులమండ్యం సహకార చక్కెర కర్మాగారాలు క్రషింగ్ నిలిపివేసినప్పటి సంగతి తెలిసినదే. వాటాధనం అక్కడే, చెరకు తోలేదీ అక్కడికే, ఇంట్లో ఒకరి ఉద్యోగమూ అక్కడే అయిన కుటుంబానికి మూడు దారులూ ఒకేసారి మూసుకొన్నవి.

పన్ను మెలిక

స్టాక్ ఆప్షన్లలో పన్ను మెలిక ఒకటున్నది. 100 రూపాయలకు షేరు తీసుకొనే హక్కు ఉన్నదనుకొందాం. తీసుకొన్ననాడు బజారు ధర 400 అయితే, తేడా 300ను జీతంలో కలిపి పన్ను వేస్తారు. తర్వాత ధర 150కి పడినా కట్టిన పన్ను తిరిగి రాదు. అమ్మినందున వచ్చిన నష్టాన్ని జీతం ఆదాయంలోంచి తగ్గించుకొనే వీలూ లేదు.

షేర్లు వద్దనడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఇన్ఫోసిస్ షేర్లతో ఎందరో ఉద్యోగులు స్థితిమంతులైనారు. కాగా, అమ్మవలసిన వేళ అమ్మినవారికే ఆ లాభం చేతికి వచ్చినది. ఒకే కంపెనీలో మొత్తం పొదుపులో పదో వంతుకు మించకుండా చూసుకోవడం మదుపు సలహాదారులు సాధారణంగా చెప్పే మాట. షేర్లు చేతికి వచ్చిన ప్రతిసారీ కొంత భాగం అమ్మి, బ్యాంకు డిపాజిట్లు, మ్యూచువల్ ఫండ్లు, ఇతర రంగాలలోకి మళ్లించడం శ్రేయస్కరం. పిల్లల షేర్ల పూచీపై వ్యాపారానికి అప్పు తేవడం బొత్తిగా తగదు. కంపెనీ దెబ్బతిన్ననాడు జీతం, షేరు, దుకాణం మూడూ ఒకే తాడున కట్టిన పశువులవుతవి.