బాటపై మక్కువ, బండి అద్దె వ్యాపారము

గత వేసవి సెలవులలో ఒక ఆదివారము మా యింటికి ఒక తండ్రియు కుమారుడును వచ్చిరి. కుమారుడు కొన్ని సంవత్సరములకు పూర్వము మన పాఠశాలలో చదివినవాడే. ఇప్పుడు హోసూరులో ఒక కర్మాగారమున పని చేయుచున్నాడు. సెలవు దొరికినప్పుడెల్ల బండి యెక్కి దేశము తిరుగుట అతని అలవాటు. తండ్రి చాలకాలము లారీ నడిపి, ఇప్పుడు ఇంటిపట్టున ఉన్నవాడు. కుమారుని కోరిక యేమనగా, అప్పు తెచ్చి, నాలుగు చక్రములకును యంత్రబలము అందు పెద్ద బండి నొకదానిని కొని, దాని నెత్తిన మడత డేరాను బిగించి, వెనుక వంటసామగ్రి అమర్చి, బెంగుళూరు నుండి కొండలకును అడవి అంచులకును పోగోరువారికి దినపుటద్దెకు ఇయ్యవలెనని. తండ్రికి ఇది వట్టి పిచ్చిగా తోచినది.

"అయ్యవారూ, మీరైనా చెప్పండి వీడికి. ముప్పై ఏండ్లు లారీ తోలినాను నేను. మన బండిని ముక్కూ మొగం తెలియనోని చేతికిచ్చి ఇంట్లో కూర్చుంటే నిద్ర పడుతుందా?" అని ఆయన మమ్ము అడిగెను.

మేము వ్యాకరణము చెప్పువారమే గాని బండ్ల వ్యాపారము ఎరిగినవారము కాము. నాడు ఏదియో సర్దిచెప్పి పంపితిమి. అయినను ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. ఈ పత్రికను చదువు పిల్లలలో బండ్లపై మనసు గలవారు పెక్కుమంది. వారి తల్లిదండ్రులలో ఆ తండ్రి భయము గలవారు అంతకంటె ఎక్కువ. కావున ఈ వ్యాపారము చక్కగా సాగుచున్న చోట అది ఎట్లు సాగుచున్నదో, చదివి తెలిసికొన్నంత వరకు ఇక్కడ వ్రాయుచున్నాము.

పడకను, వంటను వెంట తీసికొని ప్రయాణము చేయుట క్రొత్త సంగతి కాదు. చెన్నపట్టణపు తెలుగువారైన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో డేరాలతోను పరివారముతోను బయలుదేరి, కాశికి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిరి. మోటారు బండి పుట్టిన తరువాత ఆ సరంజామా అంతయు ఒక్క బండిలో ఇముడునట్లయినది. జర్మనీలో ఇస్నీ అను ఊరివాడైన అరిస్ట్ డెత్లెఫ్స్ కొరడాలను, మంచుపై జారువారి చేతికఱ్ఱలను చేయించి, అమ్మకమునకై ఊరూర తిరుగుచుండెను. ఆయనను పెండ్లాడనున్న ఫ్రీడెల్ ఎడెల్‌మాన్ చిత్రకారిణి. తానును వెంట వచ్చుటకు, దారిలో బొమ్మలు వేసికొనుటకు వీలుగా చక్రములపై ఒక ఇల్లు కావలెనని ఆమె కోరెను. 1931లో ఆయన కారు వెనుక తగిలించు గది నొకదానిని స్వయముగా కట్టెను. చూచినవారు తమకును అట్టిది కావలెననిరి. కొరడాల కర్మాగారము క్రమముగా ప్రయాణపు బండ్ల కర్మాగారమైనది.

అద్దె వ్యాపారమునకు మఱియొకరి కథ కలదు. అమెరికాలోని చికాగో నగరమున 1918లో వాల్టర్ జేకబ్స్ అను యువకుడు పండ్రెండు ఫోర్డు కార్లతో అద్దె దుకాణము తెరచెను. ఆ కార్లకు మరమ్మతును, రంగును అతడే చేసికొనెడివాడు. అయిదేండ్లలో ఏటి రాబడి పది లక్షల డాలర్లకు చేరినది. 1923లో జాన్ హెర్ట్జ్ ఆ సంస్థను కొనెను.

అయితే తారు రోడ్డుపై తిరుగు కారును అద్దెకిచ్చుట వేరు. మెకానిక్కు దొరకని చోటికి పోవు బండిని ఇచ్చుట వేరు. ఈ రెండవది బాగుగా వేరూనిన దేశములలో ఆఫ్రికా ఖండపు నైరృతి మూలనున్న నమీబియా ఒకటి. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములను రెంటిని కలిపినను ఆ దేశములో మూడవ వంతే యగును. అంత దేశములో 2023 జనాభా లెక్కలకు తేలినవారు ముప్పది లక్షల మంది మాత్రమే. అచ్చటి రోడ్లలో అధిక భాగము తారు లేనివి. బి అక్షరముతో గుర్తించినవి ప్రధాన మార్గములు, సాధారణముగా తారువి. సి, డి అక్షరములవి చాల వరకు కంకర బాటలు. రాజధాని విండ్‌హుక్‌లో విమానము దిగిన యాత్రికుడు సోసుస్‌ఫ్లే అను చోట ఎఱ్ఱని ఇసుక కొండలను చూడగోరినచో, 300 కిలోమీటర్లకు పైగా, అదియు ఎక్కువగా కంకరపై, పోవలెను. సెస్రియెం వద్ద ద్వారము దాటిన పిమ్మట 60 కిలోమీటర్లు తారు. చివరి 5 కిలోమీటర్లు వట్టి ఇసుక.

ఇట్టి దారికి అద్దెకిచ్చు బండి యెట్లుండునో చూడుడు. సాధారణముగా అది నలుగురైదుగురు కూర్చుండదగిన గదియు, వెనుక సామాను తొట్టియు గల బండి. తొట్టికి మూత బిగించి, నెత్తిన ఒకటి గాని రెండు గాని మడత డేరాలు అమర్చుదురు. నిచ్చెన దించిన డేరా విచ్చుకొనును. నేలపై పండుకొననక్కరలేదు గనుక తేళ్ల భయము తగ్గును. తొట్టిలో చిన్న ఫ్రిజ్, గ్యాసుపొయ్యి, నీళ్ల తొట్టి, మడత కుర్చీలు ఉండును. ఫ్రిజ్‌కు వేఱుగా రెండవ బ్యాటరీ కలదు. ఒకే బ్యాటరీ యైనచో రాత్రియంతయు ఫ్రిజ్ దానిని పీల్చివేయును. తెల్లవాఱి బండి కదలదు. స్టెప్నీ ఒకటి చాలదు, రెండుండును. ఎడారి నడుమ ఒక టైరు పోయినప్పుడు స్టెప్నీ ఎక్కింతుము. పట్టణము చేరకముందే రెండవది పోయినచో ఏమి గతి? పార, గాలి పంపు, గాలి కొలుచు సాధనము, లాగుటకు పట్టీ, జాకీ ఇసుకలో దిగబడకుండ దాని క్రింద వేయు పలక కూడ ఉండును. ఈ పట్టికలో ప్రతి వస్తువును ఎవరో ఒకరు ఎప్పుడో అవస్థపడి చేర్చినదే. బాటపై మక్కువ గలవాని పెట్టుబడి ఇక్కడ అక్కఱకు వచ్చును: ఎక్కడ ఏది చెడునో అతడు తిరిగి తెలిసికొన్నవాడు.

గాలి కొలుచు సాధనము ఎందులకో పై తరగతుల విద్యార్థులు లెక్క వేసికొనవచ్చును. నిండు బరువుతో బండి 2,800 కిలోగ్రాములున్నదనుకొందము. ఒక్కొక్క చక్రముపై 700. టైరులో గాలి చదరపు సెంటీమీటరునకు 2.4 కిలోగ్రాముల పీడనమున ఉన్నచో, నేలను తాకు మేర ఇంచుమించు 290 చదరపు సెంటీమీటర్లు. గాలిని 1.4కు దించినచో ఆ మేర 500 అగును. టైరు గోడల బిగువును లెక్కింపలేదు గనుక ఇది ఉరామరి లెక్కయే. అదే బరువు వెడల్పుగా పరచుకొనుటచే చక్రము ఇసుకలో దిగబడదు. ఒంటె పాదమునకు ఉన్న గుణమే ఇది. కాని గట్టినేల చేరిన వెంటనే మరల గాలి నింపవలెను. లేనిచో టైరు గోడలు మడతపడి వేడెక్కి పగులును. ఈ రెండవ సగమును మఱచువారే ఎక్కువ.

కంకర బాటకు వేఱొక రోగము కలదు. దానిపై అడ్డముగా, బట్టలుదుకు గీతల పలకవలె, చిన్న చిన్న అలలు లేచును. ఇవి ఎట్లు పుట్టునని 2007లో శాస్త్రజ్ఞులు గుండ్రముగా తిరుగు ఇసుక పళ్లెముపై చక్రమును దొర్లించి పరీక్షించిరి. చక్రమునకు స్ప్రింగు లేకున్నను, వేగము ఒక మేర దాటినంతనే అలలు లేచుట చూచిరి. ఆ అలలపై దినమంతయు పోయిన బండిలో నట్లు వదులగును, తీగెలు ఒరసికొనును, డేరా బిగింపులు సడలును. అందుచేత తిరిగివచ్చిన ప్రతి బండి క్రిందను దూరి ఒక్కొక్క నట్టును బిగించి చూడనిదే మఱియొకరికి ఇయ్యరాదు.

ఇక ఆ తండ్రి ప్రశ్న. యజమానికి నిద్ర యెట్లు పట్టును? నమీబియాలో బండి నిచ్చువారు ముందుగా యాత్రికుని ప్రక్కన నిలుపుకొని అన్నియు విప్పి చూపుదురు. స్టెప్నీ దింపుట, డేరా విప్పుట, ఇసుకలో మీట మార్చుట అతనిచే చేయింతురు. బండి మీది ప్రతి గీతను కాగితముపై వ్రాసి సంతకము పుచ్చుకొందురు. కంకరపై గంటకు 80 కిలోమీటర్లు మించవద్దని చెప్పుదురు. మించినది లేనిది తెలియజేయు యంత్రమును పెక్కు సంస్థలు బండిలో అమర్చినవి. వేగముగా పోవుచు మలుపులో హఠాత్తుగా చక్రము త్రిప్పినవాని బండి, ఎదుట మఱియొక బండి లేకయే బోల్తాపడును. అట్టి బోల్తాలను, టైర్లను, అద్దములను, బండి అడుగుభాగమును, నీటిలో దింపుటచే కలుగు నష్టమును బీమా నుండి మినహాయించు ఒప్పందములు చాల కలవు. డబ్బు కట్టిన పత్రమున్నదని ధైర్యపడువారు చిన్న అక్షరములను చదువవలెను. మొత్తముపై యజమాని నిద్రించును గాని ఫోను తలగడ ప్రక్కనుంచుకొని నిద్రించును.

మా పూర్వవిద్యార్థి ఊహింపని సంగతి వేఱొకటి కలదు. బాటపై మక్కువతో ఈ వ్యాపారము మొదలుపెట్టినవాడు బాటపై ఉండడు. ప్రయాణమునకు మంచి నెలలే వ్యాపారమునకును మంచి నెలలు. బండి పోవును, తాను షెడ్డులో ఉండి, వచ్చిన బండి నుండి దుమ్ము కడిగి, మాడిన గిన్నెలు తోమించి, డేరా ఆరబెట్టవలెను. తడి డేరాను మడిచినచో బూజు పట్టును. ఇది ఇష్టమైనవానికే ఈ పని.

లెక్కయు చూడవలెను. ఈ అంకెలు మేము ఊహించినవి. పద్ధతి మాత్రము నిజమైనది. ఏడాదికి అప్పు వాయిదాలు 3,80,000 రూపాయలు, బీమా పన్నులు 1,00,000, షెడ్డు అద్దెకు, సహాయకునికి 1,80,000 అనుకొందము. మొత్తము 6,60,000. బండి కదలినను కదలకున్నను ఇది తప్పదు. దినపుటద్దె 6,000, అందులో టైర్ల అరుగుదలకు, మరమ్మతులకు 1,000 పోగా మిగులునది 5,000. భాగించినచో 132 దినములు. అనగా ఏటిలో 132 దినములు ఆ బండి అప్పిచ్చినవారికిని ఇతరులకును పాటుపడును. 133వ దినము నుండి మాత్రమే యజమానిది. శని ఆదివారములు ఏటికి 104. వానకాలమున అడుగువారు తగ్గుదురు. ఒక్క బోల్తాతో రెండు నెలలు బండి షెడ్డున పడినచో ఆ ఏడు గడచుట కష్టము.

మన దేశమున చట్టమును కూడ ఎరుగవలెను. తెల్ల పలక గల సొంతబండిని అద్దెకు తిప్పరాదు. అట్లు తిప్పగా ప్రమాదము జరిగినచో బీమావారు పరిహారము నిరాకరింపవచ్చును. పుచ్చుకొన్నవాడే నడపుకొను అద్దె బండికి నల్ల పలకపై పసుపుపచ్చని అక్షరములుండవలెను. మోటారు వాహనముల చట్టము 75వ సెక్షను క్రింద 1989లో ప్రకటింపబడిన పథకము లైసెన్సు కోరువానికి కనీసము 50 బండ్లుండవలెనని విధించినది. కావున ఒక్క బండి గలవాడు లైసెన్సు గల సంస్థతో చేరి రాబడిలో పాలు పుచ్చుకొనవలెను. లేదా పసుపు పలకతో, తానే డ్రైవరుగా వెంట పోవలెను. 52వ సెక్షను ప్రకారము తయారీదారుని వివరములకు భిన్నముగా బండిని మార్పరాదు గనుక, దేనిని బిగించుటకైనను ముందు రవాణా కార్యాలయమున అడుగుట మేలు. చక్రములపై ఇండ్ల విషయమున 2021లో కేరళ ప్రభుత్వము ప్రత్యేక విధానము ప్రకటించెను.

ఇవన్నియు ఒక కాగితముపై వ్రాసి ఆ అబ్బాయికి ఇచ్చితిమి. తానే డ్రైవరుగా పోవు సంగతి చదివి తండ్రి మొగము కొంత తేటపడినది. కుమారుడు ఇంకను బండి కొనలేదు. బెంగుళూరులో ఇట్టి బండ్ల నిచ్చు ఒక షెడ్డున శని ఆదివారములు పనికి పోవుచున్నాడు. తిరిగివచ్చిన బండ్ల క్రింద పండుకొని నట్లు చూచుట అతని పని. ఒక ఆదివారము తండ్రియు వెంట పోయెనట. లోపలికి వచ్చుచున్న బండిని చూచి, అది ఎడమకు ఒరిగినదనియు, వెనుక కమాను పట్టీ విరిగి యుండుననియు దూరము నుండియే చెప్పెనట. విప్పి చూడగా రెండవ పట్టీ విరిగి యుండెను. ఇంటికి వచ్చు దారిలో, "మళ్లీ ఎప్పుడు రమ్మంటారో అడుగు" అని ఆయన కుమారునితో అన్నాడని వింటిమి.