నాటు మాటకు పట్టం

ఆస్కార్ వేదిక మీద తెలుగు పాట గెలిచిన పొద్దున, కరువు నేల మీద ఒక చిన్న హోటల్లో…

2023 మార్చి 13, సోమవారం. పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానానికి పోలింగ్. ఓటేయడానికి బయల్దేరి, దారిలో ఉగ్గాని బజ్జి తిందామని అనంతపురంలో ఓ చిన్న హోటల్లో కూర్చున్నాను. గోడమీది టీవీలో లాస్ ఏంజెలెస్ డాల్బీ థియేటర్. 95వ ఆస్కార్ వేడుక.

పాట పేరు పిలవగానే హోటలంతా ఒక్కసారిగా లేచి నిలబడింది. పొయ్యి దగ్గరున్న ఆయన జల్లిగరిటె పట్టుకునే టీవీ ముందుకొచ్చేశాడు. వెనక బాండలిలో మిరపకాయ బజ్జీలు నల్లగా మాడిపోయాయి. ఒక్కరూ కోప్పడలేదు.

నా పక్కన తువ్వాలు తలకు చుట్టుకున్న ముసలాయన అడిగాడు.

“ఏమప్పా, మనోళ్లు ఏం గెలిచినారు?”

“సినిమావాళ్లకు ప్రపంచంలోనే పెద్ద బహుమానం తాతా. నాటు నాటు పాటకిచ్చినారు.”

“ఇయ్యరా మరి! నాటంటే మేలు కదప్పా. నాటుకోడి, నాటావు, నాటు టమేటా. రుచే వేరు.”

నాకు కళ్లు చెమర్చాయి. కారణం ఉంది.

చిన్నబుచ్చిన మాట

చదువుకోవడానికి హైదరాబాద్ వెళ్లిన కొత్తలో, హాస్టల్లో ఒకరిని “యాడికి పోతుండావప్పా?” అని పలకరించాను. గది గదంతా నవ్వింది. “వీడు మరీ నాటు” అన్నారు. అనంతపురం అని చెబితే, “మీ ఇంట్లో బాంబులుంటాయా?” అని అడిగినవాళ్లూ ఉన్నారు. ‘సమరసింహారెడ్డి’ సినిమా వచ్చిన 1999 నుంచి తెర మీద సీమంటే సుమోలు, వేటకొడవళ్లే. ఆ మాటలకు జడిసి ఏళ్ల తరబడి నా యాసను నోట్లోనే నొక్కిపెట్టుకున్నాను. ఇప్పటికీ దానికి బాధపడతాను.

ఆ ‘నాటు’ మాటే సంగీతం కట్టిన కీరవాణిని, పాట రాసిన చంద్రబోస్‌ను ఆస్కార్ వేదిక ఎక్కించింది. పాటల విభాగంలో భారతీయ సినిమాకు దక్కిన తొలి ఆస్కార్ అది. చంద్రబోస్‌ది వరంగల్ వైపు చల్లగరిగె అనే పల్లెటూరు. పాట పూర్తయ్యేసరికి 19 నెలలు పట్టిందని ఆయనే చెప్పారు. చిత్రీకరించింది ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో, ఒక రాజభవనం ముందు. పాట లోపల మాత్రం మర్రిచెట్టు నీడ, కిర్రుచెప్పులు, జొన్నరొట్టె, మిరపతొక్కు. ఆ రాత్రే లఘు డాక్యుమెంటరీ విభాగంలో గెలిచిన ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ కూడా ముదుమలై అడవిలో ఏనుగు పిల్లను సాకిన బొమ్మన్, బెల్లిల కథే. తమ ఊరి బతుకును సిగ్గుపడకుండా చెప్పుకున్నవాళ్లే రెండుచోట్లా గెలిచారు.

తాడిపత్రి దారి చూపింది

సాయంత్రం ఇంటికెళితే అమ్మ జొన్నరొట్టె తడుతోంది. ఫోనులో పాట పెట్టి చూపించాను. పిండి చేతులతోనే కాసేపు చూసింది. “రొట్టెను పాటలో పెట్టినారు, సంతోషం. రొట్టె తట్టేవాళ్లను గూడా సినిమాలో పెట్టమను నాయనా” అంది. మళ్లీ రొట్టె తట్టుకుంటూ పోయింది.

ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. సినిమాకు ఈ నేల కొత్తది కాదు. ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ తీసిన కె.వి. రెడ్డి 1912లో పుట్టింది మా తాడిపత్రిలోనే. కదిరి దగ్గర కటారుపల్లిలో సమాధి ఉన్న వేమన మీద 1947లో ‘యోగి వేమన’ తీశారాయన. ఊరి పెద్దల ముసుగు లాగేసిన ఆయన ‘పెద్దమనుషులు’ 1954 సంవత్సరానికి ఉత్తమ తెలుగు చిత్రంగా రాష్ట్రపతి రజత పతకం అందుకుంది. ఊరి నిజాన్ని సూటిగా చెప్పిన సినిమాకు పతకం రావడం మనకు ఏనాడో తెలుసు.

మా కథ ఎవరు తీస్తారు?

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే చోట బతకడం ఎంత పెద్ద కథో చూడండి. శెనక్కాయ చేనులో ఊడలు దిగే వేళకు మబ్బు మొహం చాటేస్తే, రైతు గట్టు మీద కూర్చుని ఆకాశం కేసి చూసే చూపు ఉంది. వెయ్యి అడుగులు దింపినా దుమ్మే లేచే బోరు ఉంది. ఆ దుమ్ములో తడి కోసం మట్టిని పిడికిట పట్టి పిసికి చూసే ఇల్లాలు ఉంది. మూటాముల్లె సర్దుకుని బెంగళూరు బస్సెక్కే కుటుంబం, ఇంటి దగ్గర మిగిలిపోయే అవ్వ ఉన్నారు. వీళ్లలో ఎవరి చేతిలోనూ కొడవలి ఉండదని కాదు. ఉంటుంది, కోతకు.

మా పిల్లలు ఇప్పుడు ఫోన్లతోనే చిన్న సినిమాలు తీస్తున్నారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. మన మాటను తెర మీద మనలాగే పలకనివ్వండి, యాసను దిద్దకండి. నిర్మాతలకూ ఒక విన్నపం. సీమకు ఒక్కసారి సుమోలు లేకుండా రండి. ఎద్దులబండి ఎక్కించి మా చేలు చూపిస్తాం.

అలా తీసిన సినిమాకు పతకం వచ్చిన పొద్దున కూడా నేను ఆ హోటల్లోనే కూర్చుంటాను. ఇంకోసారి బజ్జీలు మాడాలి.