అమెరికా వెళ్తున్న అమ్మానాన్నలకు పార్కులో ఒక ఆట



2008 మార్చిలో శంషాబాద్‌లో విమానాశ్రయం ప్రారంభమైన తర్వాత మన చుట్టుపక్కల కుటుంబాలకు అమెరికా ప్రయాణం కొత్త సంగతి కాకుండా పోయింది. కూతురి పురిటికనో, కొడుకు ఇల్లు కొన్నాడనో పెద్దవాళ్ళు వెళ్ళి ఐదారు నెలలు ఉండి వస్తున్నారు. వెళ్ళే ముందు మా దగ్గర షుగర్, బి.పి. చూపించుకుంటారు. ఆరు నెలల మాత్రలు, డాక్టరు గారి చీటీ పెట్టెలో సర్దుకుంటారు. తిరిగి వచ్చాక చూస్తే కొందరికి బరువూ పెరిగి ఉంటుంది, షుగరూ పెరిగి ఉంటుంది. మోకాళ్ళు పట్టేశాయంటారు.

"అక్కడ నడిచి ఎక్కడికి పోతాం సిస్టరమ్మా? పాల ప్యాకెట్‌కి కూడా కారే కావాలి" అన్నది మేము తరచుగా వినే మాట. పిల్లలు ఆఫీసుకు, మనవలు బడికి వెళ్ళాక పగలంతా సోఫా, టీవీ, ఫోను. వాకింగ్ చేయమని మేము చెబుతాము. తెలియని వీధిలో ఒంటరిగా నడవడం నాలుగు రోజులకే విసుగనిపిస్తుంది. అందుకే ఈసారి నడకతో పాటు ఆడగల ఒక ఆట గురించి చెప్పదలిచాము.

గొలుసుల బుట్ట

అమెరికాలో చాలా ఊళ్ళలో, ఇళ్ళకు దగ్గరగా ఉండే పార్కుల్లో ఒక ఇనుప స్తంభం, దానికి వేలాడే గొలుసులు, కింద ఒక బుట్ట కనిపిస్తాయి. చూడగానే అదేమిటో మనవాళ్ళకు అర్థం కాదు. అది డిస్క్ గోల్ఫ్ అనే ఆటకు గురి. గోల్ఫ్‌లో కర్రతో బంతిని కొట్టి గుంటలో వేస్తారు. ఇందులో ఫ్రిస్బీ లాంటి ప్లాస్టిక్ డిస్క్‌ను చేత్తో విసిరి ఆ బుట్టలో వేయాలి. గొలుసులు డిస్క్ వేగాన్ని ఆపి బుట్టలో పడేస్తాయి.

ఎడ్ హెడ్రిక్ అనే ఆయన 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో ఈ ఆటకు మొదటి శాశ్వత మైదానాన్ని ఏర్పాటు చేశారు. మొదట్లో ఉత్త స్తంభాలే గురి. డిస్క్ తగిలిందా లేదా అన్న వాదన లేకుండా తర్వాత గొలుసుల బుట్ట తయారుచేశారు. ఆయన 2002లో మరణించారు. ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని కొన్ని డిస్కుల తయారీలో కలిపారు. ఆటంటే ఆయనకు అంత ప్రాణం.

గోల్ఫ్‌కు ఖరీదైన సామాను కావాలి. ఇది చాలా పార్కుల్లో ఉచితం. ఒక్క డిస్క్ ఉంటే చాలు.

ఆడే విధానం

చిన్న పార్కుల్లో సాధారణంగా 9 బుట్టలు ఉంటాయి, పెద్దవాటిలో 18. ఒకటో నంబరు దగ్గర నిలబడి మొదటి బుట్ట వైపు విసరాలి. డిస్క్ ఎక్కడ పడితే అక్కడికి నడిచి వెళ్ళి, అక్కడి నుంచే మళ్ళీ విసరాలి. బుట్టకు ఎవరి డిస్క్ ఎక్కువ దూరంలో ఉంటే వారు ముందు విసరాలి. ఎన్ని విసుర్లలో బుట్టలో పడిందో లెక్క పెట్టుకోవాలి. మొత్తం తక్కువ వచ్చినవారే గెలిచినట్టు. చిన్న బుట్టలకు మూడు విసుర్లు అన్నది మామూలు లెక్క. మనకు ఆరు పడినా ఫరవాలేదు.

కుడిచేతి వాటం వారు కుడి భుజం బుట్ట వైపు పెట్టి నిలబడాలి. డిస్క్‌ను రొమ్ముకు అడ్డంగా ఎడమ పక్కకు తెచ్చి, గుమ్మం తెరను పక్కకు తోసినట్టు వదలాలి. మణికట్టుతో కాస్త తిప్పి వదిలితే నిలకడగా పోతుంది. బొంగరం జోరుగా తిరిగినంతసేపు నిలబడి, జోరు తగ్గగానే ఒరిగినట్టే, డిస్క్ కూడా చివర్లో ఎడమకు ఒరుగుతుంది. అందుకని గురికి కాస్త కుడిగా విసరాలి. దుకాణంలో 'పటర్' అని అడిగితే మొద్దు అంచు డిస్క్ ఇస్తారు. పెద్దవాళ్ళకు అదే మంచిది.

మేలు ఏమిటి?

పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో మరోసారి చెప్పింది. 65 ఏళ్ళు దాటినవారు వారానికి మూడు రోజులు తూలిపడకుండా నిలదొక్కుకునే వ్యాయామం కూడా చేయాలన్నది. 9 బుట్టలూ చుట్టి వస్తే సుమారు కిలోమీటరు నడక అవుతుంది. భోజనం తర్వాత నడిస్తే కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. ఎగుడుదిగుడు గడ్డిలో మెల్లగా నడవడం, నడుము తిప్పి విసరడం శరీరానికి నిలకడ నేర్పుతాయి.

ఇంకొక మేలు ఉంది. తెలుగు సరిగా రాని మనవడితో తాతకు మాటలు తక్కువ. ఆటలో లెక్క ఇద్దరికీ ఒకటే. బడి నుంచి వచ్చిన పిల్లవాడు "తాతయ్యా, పార్కుకు పోదామా" అని అడిగితే తాతకు ఆ సాయంత్రం ఎదురుచూడడానికి ఒక పని ఉంటుంది.

మరువరాని జాగ్రత్తలు

- మొదటి బుట్టకు ముందు ఐదు నిమిషాలు నడిచి, భుజాలు మెల్లగా తిప్పండి. షుగర్ ఉన్నవారిలో భుజం బిగుసుకుపోవడం ఎక్కువ. నొప్పి ఉంటే విసరకండి, లెక్క రాస్తూ వెంట నడవండి.
- ఇన్సులిన్ తీసుకునేవారు పరగడుపున ఆడరాదు. జేబులో గ్లూకోజ్ గానీ చక్కెర గానీ ఉంచుకోండి. చెమట, వణుకు, కళ్ళు తిరగడం అనిపిస్తే ఆగి వెంటనే తినండి.
- చెప్పులతో వెళ్ళవద్దు. మేజోళ్ళు, బూట్లు వేసుకోండి. ఇంటికి రాగానే అరికాళ్ళు చూసుకోండి.
- డిస్క్ తీసేటప్పుడు మోకాళ్ళు వంచండి, మెల్లగా లేవండి. బి.పి. మాత్రలు వాడేవారికి గబుక్కున లేస్తే కళ్ళు తిరగవచ్చు. వంగలేనివారు మనవలకే ఆ పని అప్పగించండి.
- అక్కడి పొదల్లో పిడుదులు ఉంటాయి, కొన్ని జబ్బులు అంటిస్తాయి. పాయిజన్ ఐవీ అనే మూడాకుల మొక్క తగిలితే చర్మం దద్దురుపెడుతుంది. పొదలోకి పోయిన డిస్క్ కోసం చేతులు పెట్టకండి.
- ఎదుట మనుషులు ఉంటే విసరకండి. ఎవరైనా "ఫోర్!" అని అరిస్తే తల కాచుకోండి.
- గుండెకు స్టెంటు వేసినవారు, ఇటీవల కంటి ఆపరేషన్ అయినవారు ప్రయాణానికి ముందే డాక్టరు గారిని అడగండి.

ఇక్కడే మొదలుపెట్టండి

గొలుసుల బుట్ట లేకపోయినా మన కాలనీ పార్కులో ఈ ఆట ఆడవచ్చు. ఒక ఫ్రిస్బీ కొనండి. ఒకచోట వేపచెట్టు, ఒకచోట బకెట్టు, ఇంకోచోట పాత గంప గురిగా పెట్టుకోండి. ముప్పై అడుగుల నుంచి మొదలుపెట్టండి. ఎండాకాలంలో ఎనిమిదింటికి ముందే ముగించి, నీళ్ళు తాగండి. ప్రయాణానికి నెల రోజుల ముందు నుంచి ఇలా అలవాటు చేసుకుంటే చేయి కుదురుతుంది, మోకాళ్ళు ఎంత ఓర్చుకోగలవో తెలుస్తుంది.

అక్కడికి చేరాక మీ పిల్లలను దగ్గరలో ఏ పార్కులో గొలుసుల బుట్టలు ఉన్నాయో చూడమనండి. మొదటి రోజు తోడు రమ్మనండి. తిరిగి వచ్చి షుగర్ చూపించుకునే రోజున మీ లెక్కల కాగితం కూడా మాకు తెచ్చి చూపించండి.