ఉన్నదేమి? ఉన్నది ఉన్నట్లున్నదా?



దేవాలయమునకు క్రొత్త ధర్మకర్త వచ్చినపుడు మొదట చేయవలసిన పని యేమి? నగల పట్టీని చేతఁబట్టుకొని యొక్కొక్క వస్తువును సరిచూచుకొనుట. పట్టీ చదువుట యొక పని. నగను తూఁచి చూచుట వేఱొక పని. కంప్యూటరు విషయమునను ఈ రెండును వేఱువేఱు పనులే. వానిని గూర్చి నేఁడు మనవి చేసెదను.

1991వ సంవత్సరమున ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును ఆరంభించెను. 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ సంస్థ, లినక్సుతోఁ బాటు వలయు సాఫ్ట్‌వేరును మూటలుగాఁ గట్టి యుచితముగాఁ బంచుచున్నది. ఆ మూటలకే ప్యాకేజీలని పేరు. ఒక కంప్యూటరులో నిట్టివి వేయికి మించియు నుండవచ్చును. ఏ మూట వచ్చినను, పోయినను, డీపీకేజీ అను ప్రోగ్రాము గ్రామకరణమువలె తన దస్త్రమున వ్రాసికొనును.

ఆ దస్త్రమును చూడఁగోరువారు డీపీకేజీ అని వ్రాసి, కొంత యెడము విడిచి, అడ్డుగీఁతను, చిన్న ఎల్ అక్షరమును జేర్చిన చాలును. ప్యాకేజీల పట్టీ వచ్చును. ప్రతి వరుస మొదటను రెండక్షరము లుండును. మొదటిది మనము కోరినదానిని, రెండవది జరిగినదానిని దెలుపును. రెండును ఐ యైనచో, ఉండవలెనంటిమి, ఉన్నది యని యర్థము. ఆర్, సీ యని యున్నచో, తీసివేయుమంటిమి, ప్రోగ్రాము పోయినది, దాని యమరికల ఫైళ్లు మాత్రము మిగిలినవి యని యర్థము. అద్దెకున్నవాఁడు ఇల్లు విడిచినను గోడకు మేకులు మిగులును గదా! తరువాత ప్యాకేజీ పేరు, వెర్షను సంఖ్య మున్నగునవి యుండును.

ఆ సంఖ్య యెంత ముఖ్యమో నాకు 2024లో బోధపడినది. ఆ సంవత్సరము మార్చి 29వ తేదీన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు ఒక భయంకరమైన సంగతిని వెల్లడించెను. దూరపు కంప్యూటరులోనికిఁ బోవుటకు సుమారు అర సెకను ఆలస్యమగుట చూచి, కారణము వెదకఁగా, ఎక్స్‌జడ్ అను ప్యాకేజీలో దొంగదారి కనఁబడినదఁట. చాలకాలము మంచి పనివానివలె మెలఁగి నమ్మిక సంపాదించినవాఁడే దానిని జొనిపినాఁడు. చెడినవి 5.6.0, 5.6.1 అను వెర్షనులు.

మా యూరి గ్రంథాలయపు పద్దులు నా కంప్యూటరులోనే యున్నవి. ఆ రాత్రి గుండె దడదడలాడుచుండఁగాఁ బట్టీ తెప్పించితిని. ఎక్స్‌జడ్ కెదురుగా 5.4.1 అని యుండెను. బ్రతికితిమి! పట్టీయే లేకున్న ఆ రాత్రి నాకు నిద్ర యెక్కడిది?

ఇఁక రెండవ పని. ప్రతి ప్యాకేజీతోను దాని ఫైళ్ల వ్రేలిముద్రలవంటి గుర్తులు వచ్చును. ఒక్క గుర్తు 32 అక్షరములు. ఫైలులో నొక్క యక్షరము మాఱినను గుర్తంతయు మాఱును. ఎల్ అక్షరమునకు మాఱుగా పెద్ద వీ అక్షరము వ్రాసినచో, డీపీకేజీ ఆ గుర్తులను మరలఁ గట్టి పోల్చును. అంతయు సరిగానున్న నేమియుఁ బలుకదు. మాఱిన ఫైలున కెదురుగా 5 అను అంకె వేయును. దాని ప్రక్క సీ యున్నచో నది యమరికల ఫైలు. మనమే మార్చియుండవచ్చును, భయము లేదు. తక్కినవాని విషయమున కారణము విచారింపవలెను.

అయినను ఈ పరీక్షకు రెండు హద్దులు కలవు. గుర్తులును ఆ కంప్యూటరులోనే యుండును గావున, లోనికిఁ జొచ్చిన దొంగ వానినిఁగూడ దిద్దవచ్చును. మఱియు మూట కట్టకముందే కలిపిన విషమును ఇది కనిపెట్టఁజాలదు. ఎక్స్‌జడ్ కథ యట్టిదే. వచ్చినది వచ్చినట్లే యున్నదని చెప్పునే గాని, వచ్చినది మంచిదని చెప్పదు.

కావున నెలకొకసారి పట్టీ తీసి, దాని నకలును వేఱొకచోట దాఁచుఁడు. చెడువార్త వచ్చిననాఁడు పేరును, సంఖ్యను పోల్చి చూడుఁడు. ఇంటనున్న సొత్తెఱిఁగినవానికే పోయినదియుఁ దెలియును, చొచ్చినదియుఁ దెలియును.